హనుమక్క కట్టిన పేరు

ఆ మధ్యాహ్నం కొట్టంలో అంతమంది ఆడవాళ్లుండగా, హనుమక్క తన కోడలు మల్లీశ్వరి పేరే ఎందుకు పాటలో కట్టింది? మల్లీశ్వరి పక్కనున్నామె బుగ్గ కూడా కదులుతూనే ఉంది. గోడవారనున్నామె కొంగుముడిలో పప్పులు దోపుకుంటూనే ఉంది. హనుమక్క కూర్చున్న చోటి నుంచి అందరూ కనబడతారు. అయినా ఆమె నోటికి వచ్చింది మల్లీశ్వరి పేరే. కోడలి మీద కోపమా అంటే, ఆ పొద్దున్నే తన సంగటిముద్దలో సగం తుంచి ఆమె తినే తట్టలో వేసింది. కొట్టం యజమాని బయ్యన్న మెప్పు కోసమా అంటే, బయ్యన్న ఆ వేళకు ఊళ్లోనే లేడు. కొత్తగా వచ్చి ఎదుట నిలిచిన మైకుకు, తన ఇంటిమనిషినైనా వదలనని చూపించుకోవాలనుకుందా? ఎన్ని ఏళ్లు తిరగేసి చూసినా దీనికి జవాబు దొరకలేదు.

పామిడికి పడమరగా, పెన్న ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. ఒడ్డు అనగానే నీళ్లు తలుచుకోకూడదు. అక్కడ ఉన్నది ఇసుకే. ఊళ్లో ఎర్రనేల సగానికి పైగా బయ్యన్నది. ఆ నేల బుడ్డలు తప్ప ఇంకేదీ పండనివ్వదు. బుడ్డలంటే వేరుశెనగ కాయలు. ఏటా వానలకు ముందు, విత్తనానికని దాచిన మూటలు విప్పి చేతితో ఒలిపించేవాడు. మిషనుకు వేస్తే పప్పు మీది ఎర్రపొర చిట్లుతుంది. చిట్లిన పప్పు మొలకెత్తదు. అందుకని ఎండాకాలం చివర ఊళ్లో ఆడవాళ్లకు బయ్యన్న కొట్టంలో పని దొరికేది.

పనికి వచ్చేవాళ్లు ఖాళీ కడుపుతో వస్తారు. ముందర పప్పుల కుప్ప ఉంటుంది. చేయి నోటిదాకా పోవడానికి ఎంతసేపు? దీనికి బయ్యన్న తండ్రి కాలంలోనే ఒక ఉపాయం పెట్టారు. ఒలిచినంతసేపూ పాడుతూనే ఉండాలి. పాడే నోరు నమలలేదు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకోవాలి. ఎవరి గొంతు ఆగితే వాళ్ల నోట్లో పప్పు ఉన్నట్టే.

ఆ ఎత్తుకునే మనిషి హనుమక్క. చిన్నప్పటి నుంచీ ఒలిచి ఒలిచి ఆమె బొటనవేళ్ల గోళ్లు చీలి ఊడిపోయాయి. తిరిగి వచ్చినవి గోళ్లలా రాలేదు. ఒలవడం చేతగాని మనిషికి కొట్టంలో ఇంకేం పని ఇస్తారు? గొంతు ఉంది కాబట్టి గుమ్మం పక్కన పీట దొరికింది. ఆ పీట మీద కూర్చుని ఆమె రెండు పనులు చేసేది. పాడేది, చూసేది.

చూసినదాన్ని పాటలోనే చెప్పేది. ఎవరి పెదవులు ఆగాయో కనిపెట్టి, తర్వాతి చరణంలో ఆమె పేరు వేసి, ఒక ఎత్తిపొడుపు తగిలించేది. దాన్ని పేరు కట్టడం అనేవారు. పేరు పడిన మనిషికి ఒక హక్కు ఉంది. అదే వరసలో వెంటనే తిరిగి జవాబు కట్టవచ్చు. జవాబు బాగుంటే అందరూ నవ్వుతారు, తప్పు కొట్టుకుపోతుంది. జవాబు కట్టలేకపోతే సాయంత్రం ఆమెకు కూలి కింద కొలిచే పప్పులో శేరు తగ్గుతుంది. ఎలా తేలినా సరే, ఆ మాట కొట్టం గడప దాటకూడదు. దాటించిన మనిషిని మర్నాడు పనికి పిలిచేవారు కాదు. ఊళ్లో అన్ని కట్టుబాట్లూ కాలానికి సడలాయి గానీ, అది మాత్రం సడలలేదు.

హనుమక్క నాలుకకు జాలి లేదు. ఒక ఏడు ఒకామె బిడ్డను పోగొట్టుకున్న వారానికే పనికి వచ్చింది. పాడలేక నోరు మూసుకుంది. నమలడం లేదని హనుమక్కకు కనబడుతూనే ఉంది. అయినా వదలలేదు. పేరు కట్టింది. ఆ తల్లి జవాబు కట్టలేక ఏడ్చింది. ఏడుస్తూనే ఒలిచింది. పాట ఆ ఏడుపు మీదుగానే సాగిపోయింది. సాయంత్రం ఆమెకు శేరు తగ్గింది.

"నీకు పాపం తగుల్తాదే హనుమక్కా" అంది ఒక ముసలామె బయటికి వచ్చాక.

"తగల్నీ. పాపం తిని బతుకుతాండేదాన్నే గదా" అని హనుమక్క నవ్వింది.

*

బయ్యన్న కొడుకు విష్ణువర్ధన్ అనంతపురంలో ఇంజనీరింగు చదివేవాడు. రెండువేల మూడు ఎండాకాలం సెలవులకు వస్తూ ఇంటికి కంప్యూటరు తెచ్చాడు. కరెంటు ఉన్నప్పుడు దాని ముందు, లేనప్పుడు దాని గురించి మాట్లాడుతూ కాలం గడిపేవాడు. కాలేజీలో స్నేహితులకు పల్లెపాటలు కావాలన్నారట. ఒక టేపు రికార్డరూ పొడుగాటి మైకూ పట్టుకుని ఒకరోజు కొట్టానికి వచ్చాడు.

"ఏమప్పా విష్ణప్పా, ఆ కట్టె నా మూతికేల గురి పెడ్తివి?" అంది హనుమక్క.

"మైకు హనుమక్కా. నీ పాట ఇందులో పడతాది. ఇంట్లో కంప్యూటరుకు ఎక్కిస్తా. అది ఎంపీత్రీ అవుతాది."

"ఏం త్రీ?"

"ఎంపీత్రీ."

"మన ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు ఒకటే నంబరు జెప్పినాడే. ఈ మూడో ఎంపీ ఎవురప్పా?" అంది మూలనున్న ఒకామె. కొట్టమంతా నవ్వింది. విష్ణువర్ధన్ కూడా నవ్వి, మైకును హనుమక్క పీట ముందు నిలబెట్టి, పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాడు.

మల్లీశ్వరి దూరంగా, వెనక గోడ దగ్గర కూర్చుని ఉంది. రాప్తాడు దిక్కు పిల్ల. పెళ్లయి రెండో ఏడు, అయిదో నెల. హనుమక్క కొడుకు ఆదెన్న బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో అత్తాకోడళ్లే.

పాట మొదలైంది. మంచి ఊపులో ఉండగా మల్లీశ్వరి గొంతు ఆగింది. బుగ్గ రవ్వంత ఉబ్బింది. హనుమక్క కళ్లు అటు తిరిగాయి. మరుక్షణం చరణం వచ్చింది.

బుగ్గలోన బుడ్డ దాచె మల్లీశ్వరీ
భూమి నోట మన్ను కొట్టె మల్లీశ్వరీ

అందరి చేతులూ ఆగాయి. అత్త కోడలి పేరు కట్టడం అంతకుముందు ఎవరూ వినలేదు. మల్లీశ్వరి నోట్లోది మింగింది. తల వంచలేదు. సన్నటి గొంతుతో, వరస తప్పకుండా, జవాబు కట్టింది.

కడుపు చేనిలోన విత్తు నాటినానత్తా
మీ ఇంటి పంటకేను గింజ పెడితినత్తా

కొట్టం కప్పు లేచిపోయేలా నవ్వారు. "పడిందే హనుమక్కా నీకు!" అని ఒకామె పొట్టు తీసి గాలిలోకి చల్లింది. హనుమక్క కూడా ఓడిపోయిన మనిషిలా తల ఊపి నవ్వేసింది. ఆ సాయంత్రం మల్లీశ్వరికి శేరు తగ్గలేదు. అత్తాకోడళ్లు మాట్లాడుకుంటూనే ఇంటికి వెళ్లారు. కట్టుబాటు ప్రకారం ఆ మాట అక్కడితో అయిపోయింది.

*

నాలుగు రోజుల తర్వాత విష్ణువర్ధన్ హనుమక్కను ఇంటికి పిలిపించి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. కుర్చీ మీద కూర్చోనంటే నేల మీద చాప పరిచాడు. తెర మీద పచ్చటి గీత ఒకటి ఎగుడుదిగుడుగా ఉంది, గుట్టల వరస లాగా.

"ఇదే నీ గొంతు" అన్నాడు.

"ఇంత వంకరనా?"

"ఎత్తుకున్నప్పుడు గీత లేస్తాది. మెల్లగా పాడితే పడతాది. కంప్యూటరు పాటను పాటగా దాచిపెట్టుకోదు హనుమక్కా. గీత ఎంత లేచింది, ఎంత పడింది అని కొలిచి అంకెలుగా పెట్టుకుంటాది. సెకనుకు నలభై వేల సార్లకు పైగా కొలుస్తాది."

"కొలిచేటోనికి చెయ్యి నొప్పి పుట్టదా?"

"అంత కొలిచితే శానా చోటు పడతాది కదా. పాట పెద్ద ఫైలు అవుతాది. ఫైలంటే మూట అనుకో. అందుకని దాన్ని చిన్నది చేస్తాం. గట్టిగా మోగే చప్పుడు పక్కన సన్న చప్పుడు ఉంటే చెవికి వినపడదు. వినపడనిదాన్ని ఎందుకు మోయాల? పారేస్తాం. కాయ ఒలిచి పొట్టు పారేసినట్ల. పది మూటలు ఒక మూట అవుతాది. అదీ ఎంపీత్రీ. ఒక్క సీడీలో నూటయాభై పాటలు పడతాయి."

"పారేసిన పొట్టు మళ్లా కావాలంటే?"

"రాదు. చిన్నదాన్ని మళ్లా పెద్దది చెయ్యలేం."

పాట పెట్టాడు. రెండు డబ్బాల్లోంచి హనుమక్క గొంతు వచ్చింది. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగింది. తన గొంతును బయట నుంచి ఆమె అంతవరకూ వినలేదు. ఇంత పదునుగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మల్లీశ్వరి పేరు వచ్చింది, పోయింది. ఆ వెంటనే వేరే చరణం వచ్చింది.

"నా కోడలి జవాబు యాడప్పా?"

"వెనకాల కూర్చునింది కదా, మైకుకు అందలే. గురగుర అని చప్పుడే ఉండాది. ఆ నవ్వులు కూడా చెవులు చిల్లులు పడేట్ల ఉంటే అంతా కోసేసినా. అసలు పెద్దదాంట్లో ఉండాదిలే."

"ఊఁ" అంది హనుమక్క. "మళ్లొకసారి పెట్టు నాయనా. నేను ఎత్తుకునేది ఉండాదే, అక్కడి నుంచి పెట్టు."

మూడుసార్లు పెట్టించుకుని విని, గర్వంగా ఇంటికి పోయింది.

*

విష్ణువర్ధన్ స్నేహితులకు ఇచ్చాడు. స్నేహితులు వాళ్ల స్నేహితులకు ఇచ్చారు. కొన్ని నెలలకు అది పామిడి బస్టాండు దగ్గర దివాకర్ అంగట్లోకి చేరింది. దివాకర్ ఒకప్పుడు క్యాసెట్లు అమ్మేవాడు. అప్పటికి ఎంపీత్రీ సీడీలకు మారాడు. సినిమా పాటల మధ్య ఇలాంటివి నాలుగు పెడితే ఆటోవాళ్లు ఇష్టపడతారని అతనికి తెలుసు. పాటకు హనుమక్క పేరు లేదు, ఊరి పేరు లేదు. అతనే ఒక పేరు పెట్టాడు, "బుగ్గలోన బుడ్డ" అని. మైకు ముందు నుంచి వచ్చిన ఆ రెండు పంక్తులూ జనం నాలుకకు అతుక్కున్నాయి. మిగతా పాట ఎవరికీ అక్కర్లేకపోయింది.

ఆ రెండు పంక్తులు గడప దాటాయి. ఊరు దాటాయి. గుంతకల్లు ఆటోల్లో, గుత్తి లారీల్లో మోగాయి.

మల్లీశ్వరి ఆడపిల్లను కన్నది. సరళ అని పేరు పెట్టారు. బాలింత బొరింగు దగ్గరికి రావడం మొదలుపెట్టిన రోజే బిందె పెట్టనివ్వలేదు.

"బిందె జూపియ్యే, అడుగున బుడ్డలేమన్నా ఉండాయేమో" అంది ఒకామె.

"బిందెలో ఎందుకుంటాయి? బుగ్గ జూడు" అంది ఇంకొకామె.

ఆ ఇద్దరూ కొట్టంలో ఆ రోజు జవాబు విని నవ్వినవాళ్లే. పొట్టు గాలిలోకి చల్లినామె వాళ్లలో ఒకతె. జవాబు వాళ్లకు గుర్తు లేక కాదు. పాటలో లేదు, అంతే. మరుసటి ఏడు ఒలిచే పని వచ్చినప్పుడు పక్కఊరి రైతులు మల్లీశ్వరిని పిలవలేదు. "విత్తనాల దొంగను తెచ్చి కుప్ప మీద కూర్చోబెట్టుకుంటామా?" అన్నారు. ఆ రైతులు ఆమెను ఎప్పుడూ చూసినవాళ్లు కాదు.

ఆదెన్న బెంగుళూరు నుంచి వచ్చాడు. పనిచేసే చోట అనంతపురం కుర్రవాళ్లు ఆ పాట పెట్టుకుని ఇనుపచువ్వలు వంచుతున్నారట. అతని పెళ్లాం పేరు తెలిసినవాడొకడు అందరి ముందూ, "ఆదెన్నా, ఇది మీ ఇంటిదేనంట గదా" అన్నాడట. ఇంటికి వచ్చినవాడు సంచి కూడా దించకుండా పెళ్లాన్ని కొట్టాడు. పాడిన తల్లిని ఏమీ అనలేదు. మూడోనాడు బస్సెక్కి పోయాడు. మళ్లీ దుడ్లు పంపలేదు, మనిషీ రాలేదు.

అప్పుడు హనుమక్క లేచింది. ఆ మాటను వెనక్కి తీసుకురావాలి. ఆమెకు కావాల్సింది అదొక్కటే.

ముందు దివాకర్ అంగడికి పోయింది.

"నాయనా, ఆ పాడినది నేను. ఆ పాట ఇచ్చేయి."

దివాకర్ మంచివాడే. స్టూలు వేసి టీ చెప్పాడు. "ఎట్ల ఇచ్చేది అక్కా? ఇది వస్తువు కాదు. నేను నీకు ఇచ్చినా నా దగ్గర ఉంటాది. నువ్వు ఇంకొకరికి ఇచ్చినా నీ దగ్గర ఉంటాది."

"ఇచ్చినాక ఉండేది యాడన్నా ఉంటాదా?"

"ఇందులో ఉంటాదిలే. ఎంతమందికి పంచినా తరగదు."

"పోనీ, ఆడి ఆడి అరిగిపోదా? మా ఇంట్లో క్యాసెట్టు అరిగి అరిగి ఆడగొంతు మగగొంతు అయిపోయిండె."

"క్యాసెట్టును చూసి క్యాసెట్టు తీస్తే గొంతు పలచబడేది. ఇది అంకెలు కదక్కా. నూరోదాన్ని చూసి వెయ్యోది తీసినా, మొదట నువ్వు పాడినట్లే ఉంటాది. మన మనవళ్ల కాలానికి కూడా ఇంతే."

అతను అది సంతోషించదగ్గ విషయంగానే చెప్పాడు. హనుమక్క టీ తాగకుండా లేచింది. బయట ఆటోస్టాండులో ఒక కుర్రవాణ్ని పట్టుకుంది. సీడీలో ఆ ఒక్క పాట తుడిచెయ్యమంది. "సీడీలో ఒక్కటి తుడిచేదానికి కాదవ్వా, అంతా పగలగొట్టాల్సిందే" అన్నాడు. పగలగొట్టమంది. "నీకు వెర్రా" అని పాట ఇంకొంచెం గట్టిగా పెట్టి పోయాడు.

ఊరికి నడిచి వచ్చేదారిలో ఆమెకు ఒక ఆలోచన తట్టింది. పుట్టినింటి నుంచి చేనిపని చేసిన మనిషి. తీగ ఎంత దూరం పాకినా ఎక్కడో ఒక వేరు ఉంటుంది. వేరు పెరికితే తీగంతా వాడిపోతుంది. ఈ పాటకు వేరు విష్ణువర్ధన్ కంప్యూటరులో ఉంది. పెద్ద ఫైలు అన్నాడే, అసలుది అన్నాడే, అదే వేరు.

విష్ణువర్ధన్ చదువు పూర్తి చేసి, ఉద్యోగానికి పోవడానికి పెట్టె సర్దుకుంటున్నాడు. బయ్యన్న వసారాలో కూర్చుని ఉన్నాడు.

"నీ పాట బస్సుల్లో ఆడుతాంటే సంతోషపడాల్సింది పోయి ఏడుస్తావేమే?" అన్నాడు బయ్యన్న. "నా కొట్టం పేరు కూడా రాకపాయె అని నేనేడ్వాల."

"సామీ, కొట్టం మాట బయటికి పాయె. మీ నాయన పెట్టిన కట్టుబాటే గదా. తీసేయించు సామీ."

విష్ణువర్ధన్ బయటికి వచ్చాడు. "ఇక్కడ తీసేస్తే బయటివి పోవు హనుమక్కా. ఒకదానికీ ఒకదానికీ సంబంధం ఉండదు."

"వేరు పోతే ఆకు యాడుంటాది? నాకు చెప్పొద్దు నాయనా. నువ్వు తియ్యి."

మరోసారి చెప్పాడు. ఆమె వినలేదు. వాకిట్లో కూర్చుని, పోనని మొండికేసింది. బస్సుకు టైమవుతోంది. విసుగుతో కంప్యూటరు పెట్టి ఆమెను పక్కన నిలబెట్టుకున్నాడు.

"ఇదిగో పెద్దది. తీసేయమంటావా? కంప్యూటరు కూడా ఒకసారి అడుగుతాది, నిజంగానే తీసేయాలా అని."

"నిజంగానే."

నొక్కాడు. తెర మీద ఆ గుట్టల వరస పోయింది. క్యాసెట్టు ఉందా అని ఆమె అడిగితే, అదీ బీరువా అడుగు నుంచి తీసి చేతిలో పెట్టాడు.

ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని, టేపంతా బయటికి లాగి మంటలో వేసింది. ప్లాస్టిక్కు కాలిన కంపుకు చంటిపిల్ల దగ్గింది. మల్లీశ్వరి పరుగెత్తుకు వచ్చింది.

"ఏమత్తా ఇది?"

"వేరు పెరికేసినానే మల్లీ. కంప్యూటరులో అసలుది తీసేయించినా. టేపు కూడా ఇదిగో. ఇంక అన్నీ అవే పోతాయి జూడు."

మల్లీశ్వరి మంటలో ముడుచుకుపోతున్న టేపును చూస్తూ నిలబడింది.

"నా జవాబు దాంట్లోనే గదా ఉండేది" అంది.

చాప మీద కూర్చుని మూడుసార్లు విన్న రోజు, ఆ పిల్లవాడు "అసలు పెద్దదాంట్లో ఉండాదిలే" అన్న మాట హనుమక్కకు ఇప్పటికి గానీ చెవికెక్కలేదు. బయ్యన్న ఇంటికి పరుగెత్తింది. విష్ణువర్ధన్ పెట్టెతో గేటు దగ్గర ఉన్నాడు.

"నాయనా, నా కోడలి జవాబు..."

"అవును, అందులోనే ఉండె. ఊరికే చప్పుడు తీసేసి గొంతు పెంచింటే వినపడేది కూడా. నువ్వే తీసేయమంటివి కదా."

"ఒక మాట ముందే చెప్పకపోతివే?"

"చెప్తే ఇనినావా?" అని అతను బస్సుకు పోయాడు. అతను అన్నది నిజమే. కానీ ఆ ఒక్క సంగతి అతను చెప్పలేదన్నదీ నిజమే.

ఇంటికి వచ్చి కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది. "మళ్లా పాడే మల్లీ. దివాకర్‌తో చెప్పి ఎక్కిస్తా. నీ జవాబు కూడా ఊరంతా ఇంటాది."

"కడుపులో ఏముండాదని పాడాల ఇప్పుడు?" అంది మల్లీశ్వరి. ఆ తర్వాత అత్తతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. తట్టలో సంగటి పెట్టేది. నీళ్లు పెట్టేది. మనిషిని చూడకుండా పెట్టేది.

*

కాలం గడిచింది. వేరు లేకపోయినా తీగ వాడలేదు. సీడీలు మూలపడ్డాయని హనుమక్క కొంచెం ఊపిరి పీల్చుకునేసరికి సెల్లులు వచ్చాయి. వాటిలో గోరంత చిప్పు. దివాకర్ అదే అంగట్లో చిప్పులకు పాటలెక్కించడం మొదలుపెట్టాడు. ఒక చిప్పులో వేలపాటలు. ఆ వేలల్లో అదీ ఉండేది. అది కావాలని ఎవరూ అడిగేవారు కాదు. మిగతావాటితో పాటు అదీ ఎక్కేది.

చిప్పులో మాత్రం ఒక్కొక్క పాటను తీసేయవచ్చని ఎవరో హనుమక్కకు చెప్పారు. బస్టాపులో కుర్రవాళ్ల దగ్గరికి పోయి చేతులు పట్టుకునేది.

"తీసేయండి నాయనా, మీకు దణ్ణం పెడతా."

"తీసేస్తే ఏమిస్తావవ్వా? ఒక పాట పాడు మరి."

ఆమె పాడలేక నిలబడితే, నవ్వి, ఆమె కళ్లముందే నొక్కి తీసేసేవారు. ఆమె దీవించి నాలుగడుగులు వేసేలోగా పక్కవాడి సెల్లు నుంచి బ్లూటూతులో మళ్లీ ఎక్కించుకునేవారు. వీపు వెనక తన గొంతే వినబడేది. తర్వాత తర్వాత అది వాళ్లకు పొద్దుపోక ఆడుకునే ఆట అయింది. పాపం ముసలామె వచ్చిన ప్రతిసారీ ఆడేవారు. ఒకడు ఆ రెండు పంక్తులే కత్తిరించి రింగుటోను పెట్టుకున్నాడు. వాడికి ఎవరు ఫోను చేసినా, నడిబజారులో మల్లీశ్వరి బుగ్గలో బుడ్డ దాచేది.

బయ్యన్నకు పొర చిట్లని కొత్త మిషను వచ్చింది. కొట్టంలో పాట ఆగిపోయింది. హనుమక్క పీటను ఎవరో పశువుల గాడి కింద ఎత్తు కోసం పెట్టుకున్నారు. మల్లీశ్వరి దూరపు ఊళ్లకు మట్టిపనికి పోయేది. అక్కడ తన పేరు ఈశ్వరమ్మ అని చెప్పుకునేది. ఒకసారి మేస్త్రీ ఇంటికి వచ్చి "ఈశ్వరమ్మా" అని పిలిస్తే, సరళ "ఆ పేరోళ్లు ఈడ లేరు" అని చెప్పి పంపేసింది. ఆ రోజు కూలి పోయింది.

సరళ బడికి పోయే వయసుకు వచ్చింది. ఒక సాయంత్రం చప్పట్లు కొట్టుకుంటూ ఇంట్లోకి వచ్చింది. మల్లీశ్వరి చేటలో బియ్యం ఏరుతోంది. హనుమక్క గోడకు ఆనుకుని ఉంది.

"బుగ్గలోన బుడ్డ దాచె మల్లీశ్వరీ... అమ్మా, నీ పేరే!"

మల్లీశ్వరి వేళ్లు ఆగలేదు. "ఆ పేరుగలోళ్లు శానామంది ఉండారు."

"ఆమె దొంగది కదమ్మా?"

"అవును. దొంగదే."

"కొట్టినారా ఆమెను?"

"కొట్టినారు."

సరళ తృప్తి పడి నాయనమ్మ దగ్గరికి చేరింది. ఆ పిల్లకు జేజి అంటే ప్రాణం. "జేజీ, బుజ్జోళ్ల సెల్లులో ఇన్నా. ఆ పాడేటామె గొంతు అచ్చం నీ మాదిరే ఉండాది. నీకొస్తాదా ఆ పాట? ఒకసారి పాడు జేజీ."

హనుమక్క కోడలి వైపు చూసింది. మల్లీశ్వరి తల ఎత్తి అత్తను చూసింది. చాలా ఏళ్ల తర్వాత నేరుగా చూసింది. ఆ చూపులో కోపం లేదు. నోరు తెరవమనీ లేదు, తెరవొద్దనీ లేదు. ఏం చేస్తుందో చూద్దామన్నట్టు మాత్రం ఉంది. మళ్లీ చేటలోకి వంగింది.

అప్పటి నుంచి హనుమక్క ఆ పిల్ల ఎదుట మాట్లాడలేదు. పిలిస్తే తల ఊపేది. కథ చెప్పమంటే నవ్వి, జుట్టు దువ్వేది. మొదట సరళ ఆటనుకుంది. తర్వాత అలిగింది. ఆ తర్వాత ఏడ్చింది. "జేజి నాతో టూ చెప్పినాది" అని వీధంతా చెప్పుకుంది. కానీ పిల్లలు ఒకటి పట్టుకుంటే వదలరు. ఒకరోజు పక్కింటి సెల్లు అడిగి తెచ్చుకుంది. ఒక చేత్తో దాన్ని హనుమక్క చెవికి ఆనించి, రెండో చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది.

"ఒక్క మాట మాట్లాడు జేజీ. ఇదీ అదీ ఒకటేనో కాదో జూస్తా. ఒక్క మాట."

సెల్లులో పాట ఆడుతోంది. దివాకర్ చెప్పినట్టే అది ఏమాత్రం పలచబడలేదు. హనుమక్క దంతాలు గట్టిగా కరిచి పట్టుకుంది. గడపలో మల్లీశ్వరి బిందె చంకన పెట్టుకుని నిలబడి, పాట అయ్యేదాకా చూసింది. ఆపమని బిడ్డకు చెప్పలేదు. అయ్యాక లోపలికి వచ్చి బిందె దించి, పొయ్యి రాజేసింది.

మర్నాడు పొద్దున హనుమక్క రెండో చీరను మడిచి గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆ సీమలో ఇంట్లోంచి ఎవరు కదిలినా, పక్కవీధికైనా సరే, "పోయొస్తా" అని చెప్పి కదులుతారు. మల్లీశ్వరి వాకిలి ఊడుస్తోంది. సంచిని చూసింది. చీపురు ఎత్తి దారి ఇచ్చింది. హనుమక్క క్షణం ఆగింది. ఎత్తిన చీపురు నుంచి దుమ్ము ఇద్దరి పాదాల మీద రాలింది.

సరళ కళ్లు నులుముకుంటూ గడపలోకి వచ్చింది.

"యాడికి జేజీ?"

హనుమక్క చేయి చాచి పిల్ల తల నిమరబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకుంది.

"యాడికి జేజీ? నన్నూ తీసకపో. జేజీ!"

ఆమె పెదవులు విప్పలేదు. సంచి చంకకు ఎక్కించుకుని, పామిడి దారి పట్టి, గోడ మలుపు తిరిగింది.